చిన్న ఆసుపత్రిలో క్రిటికల్ కేర్: గోదావరి డెల్టాలో నాలుగు పడకలతో మొదలుపెట్టడం ఎలా

రాజోలు, అమలాపురం, నరసాపురం, పాలకొల్లు ఆసుపత్రుల్లో ప్రాణం మీదికి వచ్చిన రోగి కనబడగానే మన నోటి నుంచి వచ్చే మొదటి మాట "ఇక్కడ వెంటిలేటర్ లేదు, కాకినాడ తీసుకెళ్లండి". అమలాపురం నుంచి కాకినాడకి రోడ్డు మీద 60 కిలోమీటర్లకు పైనే. అంతర్వేది వైపు నుంచైతే ఇంకా దూరం. ఆ దారిలో పోయే ప్రాణాల్లో కొన్నిటికి కావలసింది వెంటిలేటర్ కూడా కాదు. గొంతులో చేరిన చొంగని సక్షన్‌తో తీసి, పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఆక్సిజన్ మాస్కు పెట్టి, గంట గంటకీ చూసుకునే ఒక నర్సు ఉంటే వాళ్లు బతికేవాళ్లు. ఆ నర్సుని, ఆ నాలుగు పడకల్ని మీ ఆసుపత్రిలో ఎలా ఏర్పాటు చేసుకోవాలో ఇక్కడ రాస్తున్నాను. ఏరియా ఆసుపత్రి సూపరింటెండెంట్లు, సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం) డాక్టర్లు, హెడ్ నర్సులు, 30 లేదా 50 పడకల నర్సింగ్ హోమ్ నడిపేవాళ్లు, ఆసుపత్రి అభివృద్ధి కమిటీ సభ్యులు, అందరికీ పనికొస్తుంది.

క్రిటికల్ కేర్ అంటేనే ఖరీదైన యంత్రాలు అన్న భయం ముందు పోవాలి. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడింది. ఊపిరి తీసే కండరాలు చచ్చుబడి రోగులు వరసగా చనిపోతున్నప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు గొంతులో గొట్టం పెట్టి, చేత్తో బ్యాగ్ నొక్కుతూ ఊపిరి అందించమన్నాడు. సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు షిఫ్టులు వేసుకుని వారాల తరబడి ఆ పని చేశారు. నేటి ఐసీయూ అక్కడ పుట్టింది, మనుషుల చేతుల మీద. 2021లో అనేక దేశాల నిపుణులు కలిసి, ఎంత చిన్న ఆసుపత్రిలోనైనా తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారికి తప్పక అందాల్సిన సేవల జాబితా తయారుచేశారు. అందులో 40 పనులు, వాటికి కావలసిన 67 వనరులు ఉన్నాయి. వెంటిలేటర్ ఆ జాబితాలో లేదు.

మొదటి అడుగు: మీ గుమ్మం తొక్కేది ఎవరో లెక్క రాయండి

పరికరాల కొటేషన్లు తెప్పించే ముందు గత ఏడాది క్యాజువాలిటీ రిజిస్టరు, మరణాల రిజిస్టరు, రెఫరల్ రిజిస్టరు పక్కపక్కన పెట్టుకుని కూర్చోండి. ఒక పెద్ద కాగితం మీద మూడు ప్రశ్నలకి జవాబు రాయండి. ఏ జబ్బుతో వచ్చారు, ఏ టైముకి వచ్చారు, వచ్చాక ఎన్ని గంటలకి చనిపోయారు లేదా పంపేశాం.

డెల్టాలో ఈ లెక్కకి ఒక తీరు ఉంటుంది. పురుగుమందు తాగినవాళ్లు. పాము కాట్లు, ముఖ్యంగా వానాకాలంలోనూ కోతల రోజుల్లోనూ. కొబ్బరి చెట్టు మీంచి పడిన దింపు కార్మికులు. రొయ్యల చెరువుల దగ్గర ఏరియేటర్ల వైరు తగిలి షాక్ కొట్టినవాళ్లు. కాలువలో మునిగిన పిల్లలు. 216 హైవే మీద బైకు ప్రమాదాలు. కాన్పు తర్వాత రక్తస్రావం, గుర్రపువాతం. డెంగీ, స్క్రబ్ టైఫస్ లాంటి జ్వరాలు ముదిరి బీపీ పడిపోయినవాళ్లు. మీ ఊరి లెక్కలో ఏవి ముందుంటే మీ శిక్షణ, మీ మందుల నిల్వ వాటి చుట్టూ తిరగాలి. హైదరాబాద్ కార్పొరేట్ ఐసీయూ జాబితాని ఇక్కడికి దింపితే సగం సామాను అట్టపెట్టెల్లోనే ఉండిపోతుంది.

టైము సంగతి మరీ ముఖ్యం. మరణాలు రాత్రి 10 నుంచి పొద్దున 6 మధ్య ఎక్కువగా పడుతుంటే మీ సమస్య రాత్రి సిబ్బంది. దాన్ని ఏ యంత్రమూ తీర్చదు.

రెండో అడుగు: నాలుగు పడకలు, ఒక చూపు

వార్డులో నర్సు టేబులుకి ఎదురుగా, తలుపు అడ్డం లేకుండా కనబడే చోట నాలుగు పడకలు వేరు చేయండి. ఏసీ గది దొరికిందని మూలకి తీసుకెళ్లి పెట్టొద్దు. రోగి నర్సు కంటికి ఆనడం ఏసీ కన్నా ముఖ్యం. ప్రతి పడకకీ తల వైపు 30 డిగ్రీలు లేపే ఏర్పాటు, గోడకి ఆక్సిజన్, ఒక సక్షన్, పల్స్ ఆక్సీమీటర్ ఉన్న మానిటర్, పెద్దవాళ్లకీ పిల్లలకీ సరిపడే అంబూ బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించేది), మాస్కులు ఉండాలి. కరెంటు పోయినా నడిచేలా కాలితో తొక్కే సక్షన్ ఒకటి అదనంగా పెట్టండి. చేతులు కడుక్కునే కుళాయి పది అడుగుల లోపు ఉండాలి, లేకపోతే ప్రతి పడకకీ శానిటైజర్ తగిలించండి.

సిబ్బంది లెక్క ఇలా వేయండి. రోజుకి మూడు షిఫ్టులు, వారానికి 21. ఒక నర్సు వారానికి 6 షిఫ్టులు చేస్తే ఒక్క కుర్చీ నిండడానికే ముగ్గురున్నర కావాలి. సెలవులు, కాన్పు సెలవులు, జ్వరాలు కలుపుకుంటే ఐదుగురు. ఈ ఐదుగురినీ కనీసం ఏడాది పాటు వేరే వార్డుకి మార్చకూడదు. నెల నెలా రొటేషన్ తిప్పితే మీరిచ్చిన శిక్షణ ఆ నెలతోనే పోతుంది. సూపరింటెండెంటు సంతకంతో ఈ మాట రాతపూర్వకంగా ఉండాలి. నా దృష్టిలో మొత్తం ఏర్పాటులో అన్నిటికన్నా బరువైన కాగితం ఇదే.

మూడో అడుగు: ఆక్సిజన్ లెక్క

పెద్ద డి టైప్ సిలిండరులో సుమారు 7,000 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 5 లీటర్లు పెడితే ఒక రోగికి 23 గంటలు వస్తుంది, 10 లీటర్లు పెడితే పన్నెండు గంటలు కూడా రాదు. నిమిషానికి 60 లీటర్ల హై ఫ్లో మెషీన్ ఎక్కిస్తే రెండు గంటల లోపే ఖాళీ. అందుకే గోడకి పైపు లైను లేని చోట హై ఫ్లో కొనవద్దని నా సలహా.

ఇప్పుడు వరద రోజుల లెక్క. 2022 జులై వరదలో లంక గ్రామాల చుట్టూ రోజుల తరబడి నీళ్లు నిలిచాయి, కాజ్‌వేలు మునిగాయి. అలాంటప్పుడు సిలిండర్ల లారీ మీ దాకా మూడు రోజులు రాలేదనుకోండి. నలుగురు రోగులు, ఒక్కొక్కరికి 5 లీటర్ల చొప్పున, మూడు రోజులకి 86,400 లీటర్లు. అంటే 13 సిలిండర్లు. లీకులు, ఇంకో ఇద్దరు రోగులు అదనంగా రావడం కలుపుకుని 18 నుంచి 20 నిండు సిలిండర్లు జూన్ నెలాఖరుకల్లా మీ గదిలో ఉండాలి. నేల ఎత్తు పెంచిన గదిలో, గొలుసులతో కట్టి.

కాన్సెంట్రేటర్లు మంచి తోడు. కరెంటు ఉన్నంత సేపు గాలి నుంచే 90 శాతానికి పైగా ఆక్సిజన్ ఇస్తాయి. కానీ డెల్టా తేమకీ, ఉప్పుగాలికీ ఫిల్టర్లు త్వరగా పాడవుతాయి. వారానికోసారి ఫిల్టరు కడగడం, నెలకోసారి ఆక్సిజన్ శాతం కొలవడం ఒక మనిషి పేరు మీద రాయండి. కరోనా కాలంలో వచ్చిన, గాలి నుంచి ఆక్సిజన్ తయారుచేసే పీఎస్ఏ ప్లాంటు మీ ఆవరణలో ఉంటే అది నడుస్తోందా, స్వచ్ఛత ఎంత, జనరేటరుకి కలిపారా అన్నది ఈ వారమే చూడండి.

ఇంకో మాట. ఆక్సిజన్ కూడా మందే. ఎక్కువైతే చెరుపు చేస్తుంది, వృథాగా ఖర్చవుతుంది. పల్స్ ఆక్సీమీటరు మీద మామూలు పెద్దవాళ్లలో 92 నుంచి 96 శాతం, ఏళ్ల తరబడి పొగ తాగి ఊపిరితిత్తులు పాడైనవాళ్లలో 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు. 100 చూపిస్తుంటే సంతోషించకుండా ప్రవాహం తగ్గించండి.

నాలుగో అడుగు: ఎర్ర గీతల కాగితం

చాలా కేస్ షీట్లలో ఊపిరి నిమిషానికి 18 లేదా 20 అని వరసగా ఉంటుంది. ఎవరూ లెక్కపెట్టలేదని అర్థం. రోగి దిగజారుతున్నాడని శరీరం అందరికన్నా ముందు చెప్పేది ఊపిరి వేగంతోనే. గడియారం చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టడం మీ ఆసుపత్రిలో అలవాటైతే పని సగం అయినట్టే.

గోడ మీద ఒకే కాగితం అంటించండి. ఊపిరి 30 దాటినా 8 కంటే తగ్గినా, ఆక్సిజన్ 90 కంటే తగ్గినా, పల్స్ 130 దాటినా 40 కంటే తగ్గినా, పై బీపీ 90 కంటే తగ్గినా, పిలిస్తే పలకకపోయినా, నర్సు వెంటనే చేయాల్సిన పని, పిలవాల్సిన మనిషి ఎవరో దాని మీద తెలుగులో ఉండాలి. ఈ హద్దులే ఎర్ర గీతలు. ఇవి పెద్దవాళ్ల అంకెలు. పిల్లలకి వయసు వారీగా వేరే కాగితం పెట్టండి. డాక్టరు వచ్చేదాకా ఆగకుండా ఆక్సిజన్ పెట్టడం, పక్కకి తిప్పడం, సక్షన్ చేయడం, చక్కెర పరీక్ష చేయడం నర్సు తన నిర్ణయంతోనే చేయొచ్చని అదే కాగితం మీద సూపరింటెండెంటు సంతకం పెట్టాలి. ఆ అధికారం రాసివ్వకపోతే అర్ధరాత్రి భయపడి ఆగిపోతారు. అది వాళ్ల తప్పు కాదు.

ఫోన్లో చెప్పే మాట కూడా నేర్పాలి. "సార్, పేషెంటు కండిషన్ బాలేదు" అంటే డాక్టరుకి ఏమీ తెలియదు. ఇలా చెప్పాలి: "సార్, ఐసీయూ సిస్టర్‌ని. రెండో పడక, పురుగుమందు కేసు. ఊపిరి 34, ఆక్సిజన్ 86. సక్షన్ చేసి మాస్కుతో 10 లీటర్లు పెట్టాను. మీరు ఇప్పుడే రావాలి." చివరి మాటని మొహమాటం లేకుండా అనడం ప్రాక్టీసు చేయించండి. విన్న డాక్టరు విసుక్కోకూడదు. ఒక్కసారి విసుక్కుంటే మళ్లీ ఆ సిస్టర్ ఫోను చేయడానికి జంకుతుంది.

ఐదో అడుగు: శిక్షణ

రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టి, భోజనాలు పెట్టి, సర్టిఫికెట్లు పంచి, ఫోటో దిగితే శిక్షణ అయిపోయినట్టు కాదు. చేతికి రావాలంటే చేత్తో చేయాలి, మళ్లీ మళ్లీ చేయాలి. నేను సూచించే పద్ధతిలో మూడు పాయలున్నాయి.

ఒకటి, పునాది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ కలిసి 2018లో తెచ్చిన బేసిక్ ఎమర్జెన్సీ కేర్ కోర్సు ఐదు రోజులు ఉంటుంది. ఊపిరి దారి, ఊపిరి, రక్తప్రసరణ, స్పృహ, ఒంటిని పూర్తిగా చూడడం అనే వరసలో ఏ రోగినైనా చూడడం నేర్పుతుంది. పెద్ద పరికరాలు లేని చోటు కోసమే తయారుచేశారు. మీ డాక్టరు ఒకరు, నర్సులు ఇద్దరు ముందు ఆ వరస పట్టుకుంటే మిగతావాళ్లకి వాళ్లే తెలుగులో చెప్పగలరు. పాఠం తెలుగులో ఉండడం తప్పనిసరి. ఇంగ్లీషు స్లైడ్ల ముందు తల ఊపిన సిస్టరే తెలుగులో అడిగేసరికి పది ప్రశ్నలు వేస్తుంది.

రెండు, చేతి పని. మాస్కుని మొహానికి గాలి పోకుండా పట్టి బ్యాగ్ నొక్కడం చూడడానికి తేలిక, చేయడానికి చాలా కష్టం. బొమ్మ మీద సగం వస్తుంది. మిగతా సగం ఆపరేషన్ థియేటర్‌లో మత్తు డాక్టరు పక్కన నిలబడితే వస్తుంది. కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి) లేదా రాజమండ్రి బోధనాసుపత్రి మత్తు విభాగంతో మాట్లాడి, ఒక్కో నర్సునీ వారం చొప్పున థియేటర్‌కి పంపండి. రోజుకి నలుగురైదుగురు రోగులకి డాక్టరు కళ్లముందు మాస్కు పట్టిన చేయి ఇక మర్చిపోదు. భీమవరం, అమలాపురంలో ప్రైవేటుగా పనిచేసే మత్తు డాక్టర్లని కూడా నెలకో సాయంత్రం అడగండి. అడిగే పద్ధతిలో అడిగితే వస్తారు. ఇద్దరు నర్సులు కలిసి, ఒకరు రెండు చేతులతో మాస్కు పట్టుకుని ఇంకొకరు బ్యాగు నొక్కడమే అందరికీ నేర్పండి. నిమిషానికి 10 నుంచి 12 సార్లు చాలు. కంగారులో 30 సార్లు నొక్కితే గాలి పొట్టలోకి పోయి వాంతి అవుతుంది.

మూడు, పడక దగ్గర పాఠం. షిఫ్టు మారేటప్పుడు పదిహేను నిమిషాలు. వార్డులో ఆ రోజు ఉన్న రోగి గురించే. ఈయన ఆక్సిజన్ ఎందుకు పడింది, నిన్న రాత్రి ఏం చూశాం, ఈ రాత్రి ఏం జరిగితే ఏం చేయాలి. వారానికి ఒకే విషయం తీసుకుని మూడు షిఫ్టులకీ అదే చెప్పండి. మూడు నెలల్లో పన్నెండు విషయాలవుతాయి, ఆ తర్వాత మళ్లీ మొదటి దానికి రండి.

నెలకోసారి ముందు చెప్పకుండా రాత్రి డ్రిల్ పెట్టండి. రోగి గుండె ఆగిందనుకుని పిలుపు ఇవ్వండి. ఎవరు మొదట వచ్చారు, బ్యాగు ఎంతసేపటికి దొరికింది, సిలిండరు తాళంచెవి ఎక్కడుంది, ఛాతీ నొక్కుడు నిమిషానికి 100 నుంచి 120 మధ్య, 5 సెంటీమీటర్ల లోతున పడుతోందా. తప్పులు బయటపడితే మంచిదే, అప్పుడు బయటపడాలి. ఎవర్నీ మందలించొద్దు. వార్డు బాయ్‌ని, సెక్యూరిటీ మనిషిని, 108 సిబ్బందిని కూడా కలపండి. చాలాసార్లు రోగిని మొదట పట్టుకునేది వాళ్లే.

ఆరో అడుగు: డెల్టాకి సొంతమైన మూడు పాఠాలు

పురుగుమందు. ఆర్గానోఫాస్ఫరస్ రకం పురుగుమందు తాగినవారికి అట్రోపిన్ ప్రాణం. ఆంపుల్‌లో 0.6 మిల్లీగ్రాములు ఉంటుంది. పెద్దవాళ్లకి మూడు ఆంపుల్స్‌తో మొదలుపెట్టి, 5 నిమిషాలకి ఛాతీ వినాలి. గురగుర పోకపోతే ఆరు, ఇంకా పోకపోతే పన్నెండు, అలా రెట్టింపు చేస్తూ పోవాలి. ఛాతీ శుభ్రపడి, పల్స్, పై బీపీ 80 దాటి, చంక పొడిబారేదాకా. ఒక్క రోగికి ఒక రాత్రి వంద ఆంపుల్స్ పట్టొచ్చు కాబట్టి నిల్వ ఆ లెక్కన ఉండాలి. బట్టలు విప్పించి ఒంటిని సబ్బుతో కడగాలి. స్పృహ లేని రోగికి పొట్ట కడగడం కోసం ఊపిరిని పణంగా పెట్టకండి. తాగింది గడ్డిమందు పారాక్వాట్ అయితే సంగతి వేరు. అందులో ఆక్సిజనే ఊపిరితిత్తుల్ని కాలుస్తుంది, బాగా పడిపోతే తప్ప పెట్టకూడదు. అందుకే డబ్బా తెమ్మని ఇంటివాళ్లని మొదటి నిమిషంలోనే అడగాలి.

పాము కాటు. రక్తపింజర అనుమానం ఉంటే శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచండి. గడ్డ కట్టకపోతే విషం ఎక్కినట్టే. ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు. విరుగుడు ఇంజెక్షన్ 10 వయల్స్‌తో మొదలు, పిల్లలకీ అంతే; అలర్జీ వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ సిరంజిలో సిద్ధంగా ఉండాలి. కట్లపాము ఇంకో రకం. నేల మీద నిద్రపోయేవాళ్లని రాత్రి కరుస్తుంది, గాటు కనబడదు, తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ వస్తారు, కనురెప్పలు వాలిపోతుంటాయి. ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలరో అరగంటకోసారి అడగండి. అంకె తగ్గుతోందంటే ఊపిరి కండరాలు పడిపోతున్నాయి. పూర్తిగా చచ్చుబడ్డాక విరుగుడు వెనక్కి తీసుకురాలేదు, కానీ ఊపిరి అందిస్తే కొన్ని రోజుల్లో మనిషి పూర్తిగా లేచి నడుస్తాడు. కళ్లు తెరవకపోయినా, కదలకపోయినా ఆ రోగి బతికే ఉన్నాడు, మన మాట వింటుండొచ్చు. బ్యాగు ఆపొద్దు.

షాక్, సెలైన్. బీపీ పడితే బాటిల్ మీద బాటిల్ ఎక్కించడం మన అలవాటు. 2011లో ఉగాండా, కెన్యా, టాంజానియా ఆసుపత్రుల్లో జ్వరంతో షాక్‌లో వచ్చిన మూడు వేల మందికి పైగా పిల్లల మీద పరిశోధన జరిగింది. వేగంగా సెలైన్ ఎక్కించిన పిల్లల్లో రెండు రోజుల్లో 10.5 శాతం, ఎక్కించని వాళ్లలో 7.3 శాతం చనిపోయారు. 2017లో జాంబియాలో పెద్దవాళ్ల మీద వచ్చిన ఫలితం ఇంకా తీవ్రం: సెలైన్, బీపీ పెంచే మందులతో కూడిన పద్ధతి పాటించిన వారిలో 48.1 శాతం, మామూలు చికిత్సలో 33 శాతం మరణాలు. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఆదుకునే వెంటిలేటర్ లేని చోట ఎక్కువ సెలైన్ ప్రమాదం. విరేచనాలకి, రక్తస్రావానికి, మొదటి గంటల డెంగీ షాక్‌కి నియమాలు వేరే, అక్కడ కావలసినంత ఇవ్వాల్సిందే. జ్వరం షాక్‌లో మాత్రం పెద్దవాళ్లకి 250 మిల్లీలీటర్లు ఇచ్చి, ఊపిరి లెక్కపెట్టి, ఛాతీ విని, తర్వాతే ఇంకో 250. మొదటి గంటలోనే యాంటీబయోటిక్.

ఏడో అడుగు: పంపడం కూడా చికిత్సే

ఎవరిని ఉంచుకోవాలో, ఎవరిని ఎప్పుడు పంపాలో ముందే రాసుకోండి. తలకి దెబ్బ తగిలి స్పృహ తగ్గుతున్నవారు, డయాలసిస్ అవసరమైనవారు, అంకె తగ్గుతున్న కట్లపాము రోగి ఆలస్యం లేకుండా వెళ్లాలి. ఆక్సిజన్ 80 ఉన్న రోగిని అలాగే బండి ఎక్కించకూడదు. ముందు 90 దాటించి, ఊపిరి దారి భద్రం చేసి, సెలైన్‌కి రెండు సూదులు పెట్టి, అందుకునే ఆసుపత్రి డాక్టరుతో ఫోన్లో మాట్లాడి పంపాలి. ప్రయాణం రెండు గంటలైతే నాలుగు గంటల ఆక్సిజన్ బండిలో ఉండాలి. సఖినేటిపల్లి నుంచి నరసాపురం, ముక్తేశ్వరం నుంచి కోటిపల్లి పంటు (నది దాటించే పెద్ద పడవ) దారులు దగ్గరే అనిపిస్తాయి, కానీ ప్రవాహం పెరిగితే పంటు ఆపేస్తారు, రాత్రి దొరకదు. జులై నుంచి సెప్టెంబర్ దాకా ఏ రేవు నడుస్తోందో ప్రతి పొద్దునా తెలుసుకుని బోర్డు మీద రాయండి. లంక గ్రామాల్లో నెలలు నిండిన గర్భిణుల్ని నీళ్లు రాకముందే ఇవతలికి తెచ్చే పని ఏఎన్ఎంలు, ఆశాలు చేస్తూనే ఉన్నారు. ఆ జాబితా మీ చేతిలో కూడా ఉండాలి.

బంధువులతో కూర్చుని మాట్లాడండి, నిలబడి కాదు. ఏం జరిగింది, ఏం చేశాం, ఎందుకు పంపుతున్నాం, ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందా లేదా. పొలం తాకట్టు పెట్టడానికి పరుగెత్తే ముందు వాళ్లకి నిజం తెలియాలి.

ఎనిమిదో అడుగు: ప్రతి మరణం మీద ఒక సమావేశం

నెలకోసారి, గంట. ఆ నెలలో పోయినవారి కేస్ షీట్లు తెరిచి, ఎర్ర గీత ఎప్పుడు దాటారు, మనం ఎప్పుడు చూశాం, ఎప్పుడు చేశాం అని గంటలతో సహా రాయండి. పేర్లు తీయొద్దు, పద్ధతిని వెతకండి. ప్రతి సమావేశం నుంచి ఒకే మార్పు, దానికి ఒక మనిషి, ఒక తేదీ. ఐదు మార్పులు రాసుకుంటే ఒక్కటీ జరగదు.

చివరగా వెంటిలేటర్

ఇప్పుడు అడగండి. ఐదుగురు నర్సులు ఆర్నెల్లుగా కదలకుండా ఉన్నారు, ఊపిరి లెక్క నిజంగా పడుతోంది, ఆక్సిజన్ ఒక్క రాత్రి కూడా తెగలేదు, జనరేటరు సెకన్లలో అందుకుంటోంది, యూపీఎస్ ఉంది, గొంతులో గొట్టం వేయగల డాక్టరు ఇరవై నాలుగు గంటలూ దొరుకుతున్నాడు, రక్తంలో వాయువుల పరీక్ష చేసే దారి ఉంది. ఇవన్నీ ఉంటే రెండు వెంటిలేటర్లు తెప్పించండి. ఒకే కంపెనీవి, సర్వీస్ ఇంజనీరు విజయవాడ నుంచో కాకినాడ నుంచో ఒక రోజులో రాగలిగినవి. వార్షిక నిర్వహణ ఒప్పందం, అదనపు సెన్సార్లు, ట్యూబింగు ధరలో కలిపి అడగండి. ఎత్తుని బట్టి లెక్కగట్టిన బరువుకి కిలోకి 6 మిల్లీలీటర్ల చొప్పున ఊపిరి పెట్టడం, తల 30 డిగ్రీలు లేపి ఉంచడం, నోరు శుభ్రం చేయడం, రోజూ పొద్దున మత్తు తగ్గించి సొంతంగా ఊపిరి తీస్తాడేమో చూడడం, ఈ నాలుగూ కాగితం మీద టిక్ పెట్టేలా పెట్టండి.

పైన చెప్పినవాటిలో ఒక్కటి లేకపోయినా ఆ డబ్బుతో ఇంకో నర్సుని పెట్టుకోండి.